తొమ్మిదో కొళాయి

జూన్ 3, మంగళవారం

తొమ్మిది సీసాలూ నింపాను. తొమ్మిదింటికీ రంగు వచ్చింది. రాయడానికి ఇంతకంటే ఏమీ లేదు. కానీ క్లోరిన్ కంపెనీవాళ్లు ఇచ్చిన ఈ డైరీ ఆర్నెల్లుగా బల్ల మీద నుంచి నన్నే చూస్తోంది. ఇంట్లో రెండో మనిషి లేనప్పుడు ఏదో ఒకటి అలా చూస్తూ ఉంటే ఇబ్బందిగా ఉంటుంది.

ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. కొళాయి తిప్పు, రెండు నిమిషాలు నీళ్లు పోనివ్వు, సీసాలో పట్టు, గాజు గొట్టంలో పోసి మందు చుక్కలు వెయ్యి. పసుపు రంగు తిరిగితే నీళ్లలో క్లోరిన్ ఉన్నట్టు, జనం తాగొచ్చు. తిరగకపోతే లేనట్టు. అందుకే ఊళ్లో నన్ను పసుపు సారు అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతాల రిజిస్టరులో మాత్రమే బతికుంది.

ఎనిమిదో కొళాయి సైకిల్ షాపు ముందరిది. మెకానిక్ టైరు ట్యూబు నీళ్లలో ముంచుతూ అడిగాడు.

"ఏం సార్, మా కొళాయి నుంచే రెండేసి సీసాలు పడతారు? మా నీళ్లు అంత తియ్యగా ఉంటాయా?"

"ఒకటి పగిలితే ఇంకోటి ఉంటుందని."

"ఏడాదిగా ఒక్కటీ పగల్లేదే!"

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చొక్కా భుజం మీద లేని దుమ్ము దులుపుకున్నాను కూడా.

అక్కడ నిలబడితే కాలువ అవతల అక్క ఇంటి డాబా కనిపిస్తుంది. రెండు తువ్వాళ్లు, ఒక దుప్పటి, బావ చొక్కా ఆరేసి ఉన్నాయి. చొక్కా తలకిందులుగా, గుండీలన్నీ పెట్టి. గుండీలు పెట్టకుండా ఆరేస్తే చొక్కా గాలికి సోమరిపోతులా వేలాడుతుందని అక్క సిద్ధాంతం. సీసాలు నిండి కారిపోయేదాకా చూస్తూ ఉన్నాను.

జూన్ 4

డాబా మీద అక్క బట్టలు లేవు. బావవి మాత్రమే ఉన్నాయి. ఇది నిన్న రాయాల్సింది.

జూన్ 8, ఆదివారం

రాయకూడదనుకున్నాను. రాసేస్తే ఒక పనైపోతుంది.

పోయిన ఆగస్టులో మా ఆఫీసువాళ్లు నీళ్ల గురించి ఊరివాళ్లతో మీటింగు పెట్టారు. వేదిక మీద ఇంజనీరు, పక్కన నేను, నా ముందు రంగు గొట్టాల పెట్టె. మూడో వరసలో అక్క లేచి నిలబడింది. చేతిలో గాజు సీసా. "ఇవి మా ఇంటి నీళ్లు. అడుగున మడ్డి చూడండి. వాసన కూడా వస్తోంది" అంది. ఇంజనీరు నా వైపు తిరిగాడు. ఆ మంగళవారమే అక్క ఇంట్లో పరీక్ష చేశాను, రంగు బ్రహ్మాండంగా వచ్చింది. ఆ ముక్క చెప్పి ఊరుకుంటే సరిపోయేది. "సీసా సరిగ్గా కడిగారో లేదో కనుక్కోండి సార్" అన్నాను.

హాలంతా నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది నేనే.

అక్క కడిగిన గిన్నెను మళ్లీ కడిగే మనిషి. అమ్మ పోయేసరికి నాకు ఆరేళ్లు, తనకి పదిహేను. ఆదివారం వస్తే నన్ను చెవి పట్టుకొని తీసుకెళ్లి కొళాయి కింద కూర్చోబెట్టేది. సబ్బు కళ్లలో పడి ఏడిస్తే, "మురికితో ఉంటావా, ఏడుపుతో ఉంటావా? తేల్చుకో" అనేది. నేను ఏడుపే తేల్చుకునేవాణ్ణి. ఆ మనిషిని పట్టుకొని సీసా కడగలేదన్నాను, పదిమందిలో. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని నాకు నేర్పింది కూడా తనే.

తర్వాతి మంగళవారం సీసా పట్టుకొని వెళ్లాను. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మా ఇంట్లో శుభ్రం తక్కువండీ. సందు చివర వీధి కొళాయి ఉంది, అక్కడ పట్టుకోండి."

అండీ! నన్ను. అండీ అంది నన్ను.

వెంటనే క్షమించమని అడిగి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ మనసులో ఇంకోడు ఉన్నాడు, నేను చెప్పింది అబద్ధం కాదు కదా, రంగు వచ్చింది కదా అంటూ. వాడు పెద్ద లాయరు. వాడి మాట విని వెనక్కి తిరిగాను.

జూన్ 10, మంగళవారం

వీధి కొళాయికి పోవాలంటే అక్క గుమ్మం ముందు నుంచే పోవాలి. వేరే దారి లేదు. అందుకని ఆ రోజు సైకిల్ షాపు దగ్గరికే వచ్చి రెండో సీసా నింపి తొమ్మిదో కొళాయి అని చీటీ అంటించాను. ఆ ఒక్క వారానికే అనుకున్నాను.

ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య మూడొందల గజాలు. ఒకే పైపు, ఒకే నీళ్లు. మధ్యలో మురుగు కాలువ ఉంది, పైపు దాని కింద నుంచి పోతుంది, నిజమే. నాకు ఉద్యోగం రాకముందు నుంచీ అలాగే పోతోంది.

ఈ తొమ్మిది కొళాయిల పట్టిక పదహారేళ్ల కిందట రాసింది నేనే. లైనుకి కొసన ఉన్న కొళాయి ఒకటి తప్పనిసరిగా ఉండాలన్నారు. చెడితే ముందు చెడేది కొసే కాబట్టి. కాలువ దాటాక ఇరవై రెండు ఇళ్లుంటే అక్క ఇల్లే రాశాను. మంగళవారం పదకొండున్నరకి ఆఖరి సీసా, పన్నెండుకి అక్క వడ్డించిన భోజనం. మా ఆవిడ పోయాక వారానికి ఆ ఒక్క పూటే నేను తిండి తిన్నట్టు లెక్క. మిగతావన్నీ పొట్ట నింపుకోవడం.

ఇవాళ క్లోరిన్ లెక్క, ఎనిమిదో కొళాయి: 0.3. తొమ్మిదో కొళాయి: 0.2. కొసకి పోయేసరికి ఒక గీత తగ్గడం సహజం కాబట్టి ఒక గీత తగ్గించి రాస్తాను. చేసే పనిలో పనితనం ఉండాలి కదా.

జూన్ 12

సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. సాయంత్రానికల్లా గోడలకి కూడా నా మీద విసుగొచ్చింది.

జూన్ 18, బుధవారం

బావ వచ్చాడు. వారం వారం ఫలితాల కాగితం బుధవారం నోటీసు బోర్డుకి అంటిస్తాం, ఆ పూటే వస్తాడు. కళ్లజోడు ముక్కు మీదికి జారవిడిచి కాగితం చదివి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకొని, నా గది గుమ్మంలో ఒక జోకు పారేసి పోతాడు. రిటైరైన మనిషి, పొద్దు పోవాలి. నన్ను చూడాలని వస్తున్నాడేమోనని నాకో ఆశ. అక్కే పంపుతోందేమోనని దాని వెనక ఇంకో ఆశ. రెండోదాన్ని పైకి రానివ్వను.

"ఏరా బావమరిదీ, చిక్కిపోయావ్. చొక్కా ఒక్కటే ఆఫీసుకొచ్చిందనుకున్నా."

"నువ్వు ఒళ్లు చేశావుగా బావా. చెల్లుకి చెల్లు."

"మీ అక్క ఎలా ఉందని అడగవే?"

"ఎలా ఉంది?"

"నోరు భేషుగ్గా ఉంది. కడుపే బాగాలేదు. నెలరోజులుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. తిండి సయించట్లేదు."

"డాక్టరుకి చూపించారా?"

"చూపిస్తున్నాం, చూపిస్తున్నాం."

పోతూ మళ్లీ బోర్డు దగ్గర ఆగి, కాగితం మీద వేలు పెట్టి అట్టడుగు వరస దాకా దించి, తృప్తిగా తల ఊపి వెళ్లిపోయాడు.

జూన్ 19

ఎండలకి ఒళ్లు వెచ్చబడటం మామూలే. మా సెక్షన్లో ఇద్దరికి అలాగే ఉంది.

జూన్ 20

ఇద్దరికి కాదు, ఒకడికి. వాడిది పన్ను నొప్పి.

జూన్ 24, మంగళవారం

రాత్రంతా వాన. మురుగు కాలువ నిండి రోడ్డు అంచు దాకా వచ్చింది. ఇవాళ తొమ్మిదో కొళాయికి పోవాల్సిందే అని ఇంట్లోనే గట్టిగా అనుకొని బయల్దేరాను. ఎనిమిదో కొళాయి దగ్గర ఒక్క సీసానే నింపాను. మెకానిక్ చూసి, "ఏం సార్, చేదెక్కాయా?" అన్నాడు.

కాలువ దాటాను. అక్క ఇంటి గేటు మీద చెయ్యి వేశాను. లోపలి నుంచి తన గొంతు వినిపించింది. బావని తిడుతోంది, తడి కాళ్లతో లోపలికి వచ్చాడని. "ఇంట్లోకి వానని కూడా పిలుచుకొచ్చారా? కుర్చీ వేయమంటారా దానికి?" గొంతు సన్నబడింది. మధ్యలో ఊపిరి తీసుకుంటోంది. అయినా అదే గొంతు. పది నెలల తర్వాత విన్నాను. ఎంత ఆకలిగా ఉన్నానో అప్పుడు తెలిసింది. లోపలికి వెళ్తే ఆ తిట్లు ఆగిపోతాయి, "రండి, కూర్చోండి" అంటుంది. అది తట్టుకోలేను. గేటు చప్పుడు కాకుండా చెయ్యి తీసి వచ్చేశాను.

సైకిల్ షాపు దగ్గర మళ్లీ ఆగాల్సి వచ్చింది. మెకానిక్ ఈసారి కొళాయికి అడ్డంగా ఉన్న సైకిలు పక్కకి జరిపి దారి ఇచ్చాడు. అదే ఎక్కువ బాధగా ఉంది.

జూలై 1, మంగళవారం

తొమ్మిదో కొళాయి: 0.2.

జూలై 2, బుధవారం

ఇవాళ్టిది రాయాలని లేదు. వచ్చినంత రాస్తాను.

బావ వచ్చాడు. మనిషి వాడిపోయి ఉన్నాడు. అక్కకి జ్వరం తగ్గట్లేదట. నిన్న కళ్లు తిరిగి పడబోయిందట.

"నీళ్లు కాచుకుంటున్నారా బావా? వానలు కదా" అన్నాను, ఏదో మామూలు మాటలా.

"ఆ మీటింగు అయ్యాక కొన్నాళ్లు కాచింది. నీ కాగితం చూసి మానేసింది."

"ఏ కాగితం?"

"ఇదిగో, ఇదే. వారం వారం నేనెందుకు వస్తున్నాననుకున్నావ్? నీ అందం చూడ్డానికా?" చిన్న పుస్తకం తీసి చూపించాడు. వారం వారం తేదీ, పక్కన తొమ్మిదో కొళాయి అంకె, దాని పక్కన 'సంతకం ఉంది' అని. "ఇంటికి పోయేసరికి గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. ఎంత వేశాడు, సంతకం వాడిదేనా, అంటుంది. అవునంటే అప్పుడు పట్టుకుంటుంది బిందె. ఒకసారి నేనే అన్నాను, పదిమందిలో అంత మాటన్న మనిషి కాగితాన్ని ఇంకా నమ్ముతావేంటే అని. ఏమందో తెలుసా?"

పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. తనే చెప్పాడు.

"'వాడు నన్ను చిన్నబుచ్చాడు, అది వేరే. సంతకం దగ్గర మాత్రం వాడు అబద్ధమాడడు, నేను పెంచాను వాణ్ణి' అంది."

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకొని కూర్చున్నాను. చివరికి, "ఇవాళ్టి నుంచి కాచుకోమను బావా, నేను చెప్పానని చెప్పు" అన్నాను.

"నువ్వు చెప్పావంటే వినదు. కాగితంలో రాయి, వింటుంది."

పది నెలలుగా అక్క నాతో మాట్లాడటం లేదని ఏడుస్తున్నాను. వారం వారం మాట్లాడుతూనే ఉంది. నేనే అబద్ధం చెబుతూ ఉన్నాను.

జూలై 3, గురువారం

పొద్దున్న ఏడింటికి వెళ్లాను. బావ తలుపు తీశాడు. అక్క లోపలి గదిలో పడుకొని ఉంది, మందులకి మగతగా ఉందన్నాడు. వంటింటి కొళాయి తిప్పి రెండు నిమిషాలు నీళ్లు పోనిచ్చాను. మందు చుక్కలు వేశాను. రంగు తిరగలేదు. మందు పాతదేమోనని కొత్త సీసా మూత తీశాను. మళ్లీ వేశాను. తెల్లగా, అమాయకంగా, అలాగే ఉన్నాయి నీళ్లు. గొట్టం ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలువ వాసన.

"ఎంతరా?" అన్నాడు బావ.

"సున్నా."

ఈ జోకుకి ఎక్కడ నవ్వాలో తెలియనట్టు చూశాడు.

అక్కడి నుంచి నేరుగా ఇంజనీరు దగ్గరికి పోయాను. మొత్తం చెప్పాను. ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలి, తలుపు దగ్గరికేసి వచ్చాడు.

"చూడండి, మీకు రెండేళ్ల సర్వీసుంది. ఈ వారం సున్నా అని రాయండి. వానలకి కాలువ కింద జాయింటు ఊడిందందాం. రేపే తవ్విస్తాను. నీళ్లు కాచుకోమని కాగితం అంటిద్దాం. జనానికి కావలసింది అదే కదా? పాతవి కదపడం వల్ల ఎవరికి లాభం?"

నిజమే కదా. లాభం ఎవరికి?

జూలై 4

కాగితం అంటించాను. తొమ్మిదో కొళాయి: సున్నా. కాలువ అవతలి ఇళ్లవారు నీళ్లు మరగకాచి తాగవలెను. సంతకం. బావ వచ్చి చదువుకొని, "ఇప్పుడు వింటుంది చూడు" అన్నాడు. ఇరవై రెండు ఇళ్లకీ మా వాళ్లు వెళ్లి చెప్పి వచ్చారు. అక్క నీళ్లు కాచుకుంటోంది. నా సంతకం మీద నమ్మకం కూడా అలాగే ఉంది. నిన్నటి కంటే తేలిగ్గా ఉంది మనసు. అన్నీ సర్దుకుంటాయి.

జూలై 5

అన్నీ సర్దుకుంటాయి.

జూలై 7, సోమవారం

సర్దుకోలేదు. బావ ఆఫీసుకి కాదు, ఇంటికే వచ్చాడు. అక్కని క్లినిక్కులో చేర్చారు. కడుపులో వేరే ఏదో ఉందని డాక్టరమ్మ అనుమానం. గురువారం పెద్దాసుపత్రికి తీసుకెళ్లి కడుపు కోసి చూడాలంటున్నారు. నీళ్ల వల్ల వచ్చిన జ్వరమేమో అని డాక్టరమ్మ అడగలేదా అన్నాను. "అడగకపోవడమేంటి? మొట్టమొదట అదే అడిగింది. మీ అక్కే అంతెత్తున లేచింది. మా నీళ్లు మా తమ్ముడు చూస్తాడండీ, చెడ్డ నీళ్లు మమ్మల్ని తాగనిస్తాడా అని. నేనూ నా పుస్తకం చూపించాను. పోయిన వారం దాకా బాగానే ఉన్నాయి కదరా?"

కదరా అంటూ నా మొహంలోకి చూశాడు. "నువ్వు పద, పొద్దున్నే నేనూ వస్తాను" అన్నాను. అంతే అనగలిగాను.

బావ పోయాక సంచిలోంచి సీసాలన్నీ తీసి కడిగాను. ఎందుకో తెలియదు.

జూలై 8, మంగళవారం

క్లినిక్కులో కిటికీ పక్క మంచం. అక్క అంత చిన్న మనిషని నాకు తెలియదు. కళ్లు మూసుకొని ఉంది. దుప్పటి అంచుని వేళ్లతో సవరిస్తూనే ఉంది, మడత పడకుండా. డాక్టరమ్మ కాగితాలు చూస్తోంది. బావ కాళ్ల దగ్గర నిలబడ్డాడు.

"డాక్టరుగారూ, ఆ పుస్తకంలో అంకెలు పరీక్ష చేసినవి కావు" అన్నాను.

"ఏవి?"

"తొమ్మిదో కొళాయివి. నేను కాలువ ఇవతలే నీళ్లు పట్టి రాశాను. అక్కడి నీళ్లు ఎలా ఉన్నాయో పోయిన గురువారం దాకా నాకు తెలియదు. ఎప్పటి నుంచి చెడ్డాయో చెప్పలేను."

"ఎన్ని వారాలు?"

"నలభై ఏడు."

దుప్పటి మీద అక్క వేళ్లు ఆగిపోయాయి. కళ్లు తెరవలేదు. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. నర్సుని పిలిచి రక్తం తీయమంది. పెద్దాసుపత్రికి ఫోను చేసి గురువారం వద్దంది. "ఆ వీధి నుంచి ఇదే నెలలో నాలుగో జ్వరం. అందరికీ వేరే వేరే కారణాలు వెతుకుతున్నాను. నెల కిందట చెప్పి ఉంటే బాగుండేది" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది.

బావ నన్ను వరండాలోకి తీసుకొచ్చాడు. ఏదైనా అంటాడని చూశాను. ముప్ఫై రెండేళ్లుగా నన్ను చూసి ఒక్క జోకైనా వేయకుండా పోయింది లేదు ఆ మనిషి. చిన్న పుస్తకం జేబులోంచి తీసి, నా చేతిలో పెట్టి, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

జూలై 9, బుధవారం

ఇంజనీరు వద్దంటున్నా నేనే రాసి బోర్డుకి అంటించాను. పోయిన ఆగస్టు 13 నుంచి జూలై 1 వరకు తొమ్మిదో కొళాయి దగ్గర పరీక్ష జరగలేదు, ఆ అంకెలు నేను ఊహించి వేసినవి, ఆ వీధివాళ్లు అందరూ డాక్టరుకి చూపించుకోవాలి. కింద సంతకం. మధ్యాహ్నానికి సస్పెన్షన్ కాగితం చేతికిచ్చారు. అది టైపు చేసిన గుమాస్తా నా మొహం చూడలేకపోయాడు పాపం. నేనే, "తప్పుల్లేకుండా కొట్టావు" అని మెచ్చుకొని వచ్చాను.

జూలై 10

సైకిల్ షాపు ముందు నుంచి నడిచాను. మెకానిక్ తల ఎత్తలేదు. వాళ్ల చెల్లెలి ఇల్లు కాలువ అవతలే.

జూలై 14

రక్తంలో తేలింది. టైఫాయిడ్. ఆ వీధిలో మిగతా ముగ్గురిదీ అదే. ఆపరేషన్ అక్కర్లేదు, మందులకి తగ్గుతుందట. ఈ సంగతి బావ చెప్పలేదు. నర్సుని అడిగి తెలుసుకున్నాను.

జూలై 17

కాలువ కింద తవ్వారు. జాయింటు దగ్గర పైపు అరిచేయంత మేర తుప్పు తినేసి ఉంది. నీళ్లు ఆపిన వేళల్లో కాలువ నీరు లోపలికి పీల్చుకుంటోంది. ఆ తుప్పు ఒక్క వానకి వచ్చేది కాదు. కొత్త పైపు వేశారు. నా స్థానంలో వేరే ఊరి నుంచి వచ్చినావిడ తొమ్మిదో కొళాయి దగ్గర పరీక్ష చేసి 0.2 అని రాసింది. నిజంగా 0.2. బోర్డు దగ్గర నిలబడి చాలాసేపు చూశాను.

అక్కని ఇంటికి తీసుకొచ్చారట.

జూలై 22, మంగళవారం

వెళ్లాను. సీసా లేకుండా ఆ గేటు తీయడం పదహారేళ్లలో ఇదే మొదటిసారేమో. బావ నన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

అక్క వంటింట్లో కిటికీ పక్కన కుర్చీలో కూర్చొని ఉంది. జుట్టు బాగా రాలిపోయింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ముందు తనే మాట్లాడింది. గొంతు లోతు నుంచి వస్తోంది.

"ఆ రోజు నేను గుమ్మంలోంచి పంపేశాననేనా?"

పది నెలలు నాకు నేను చెప్పుకున్న సాకు అదే. దాన్ని తనే పళ్లెంలో పెట్టి ఇస్తోంది. తీసుకుంటే చాలు, తప్పు చెరి సగం అవుతుంది, ఇద్దరం ఏడుస్తాం, భోజనం పెడుతుంది. ఎంత ఆశపడ్డానో రాయలేను.

"కాదక్కా. నువ్వు వద్దన్నది ఒక్క మంగళవారమే. మిగతా నలభై ఆరూ నేనే రాలేదు."

తను కిటికీలోంచి బయటికి చూసింది. సందు చివర వీధి కొళాయి అక్కడి నుంచి సరిగ్గా ఎదురుగా కనిపిస్తుంది. నేనెప్పుడూ గమనించలేదు. ఎప్పుడూ కంచం వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి.

"నీకోసం మొదట్లో పదకొండింటికి చూసేదాన్ని. కనబడలేదు. నా మొహం చూడ్డం ఇష్టంలేక ముందే వచ్చి పట్టుకుపోతున్నావనుకున్నా. ఎనిమిదింటికి చూశాను. ఆరింటికి చూశాను. నీళ్లు వదిలేదే ఐదింటికి కదా, అంతకన్నా ముందు రాలేడులే అని నాలుగున్నరకే లేచి ఈ కుర్చీలో కూర్చునేదాన్ని. ప్రతి మంగళవారం. చలిలో కూడా. ఒకసారి కనబడితే, రారా, లోపలికి వచ్చి పట్టుకో అందామని." కిటికీ రెక్క మీద చెయ్యి వేసింది. "కనబడనప్పుడల్లా కునుకు పట్టిందేమో, ఆ కాస్తలో వచ్చి పోయాడేమో అనుకున్నాను. నువ్వు రాలేదని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదురా."

రా అంది. అది విని సంతోషపడటానికి కూడా నాకు మొహం లేకపోయింది.

"అక్కా" అన్నాను.

"వెళ్లు. అలిసిపోయాను" అంది. కోపంగా కాదు. నిజంగానే అలిసిపోయి ఉంది.

జూలై 28

రేపు మంగళవారం. అలారం గడియారానికి కొత్త బ్యాటరీ వేశాను. నాలుగింటికి పెట్టాను.

జూలై 29, మంగళవారం

నాలుగున్నరకల్లా వీధి కొళాయి దగ్గరికి చేరాను. చీకటిగా ఉంది. చేతిలో ఏమీ లేదు, సస్పెన్షన్‌లో ఉన్నవాడికి సీసాలివ్వరు. ఐదింటికి నీళ్లు వదిలారు. కొళాయి గొంతు సవరించుకొని ధార కట్టింది. ఇద్దరు ముగ్గురు బిందెలతో వచ్చారు. నన్ను చూసి పక్కకి జరిగి పట్టుకున్నారు. ఎవరూ పలకరించలేదు.

అక్క వంటింటి కిటికీ మూసి ఉంది. ఆరయింది. ఏడయింది. డాబా మీదికి బావ వచ్చి చొక్కా ఆరేశాడు, గుండీలు పెట్టకుండా. నన్ను చూశాడు. చూసి కిందికి దిగిపోయాడు. ఎనిమిది దాకా ఉన్నాను. కిటికీ తెరవలేదు.

అక్క నలభై ఆరు మంగళవారాలు లేచి కూర్చుంది. నాది ఇవాళ్టికి ఒకటి.